ఎనిమిదో తరగతిలో ఒక్కతే

ఫిల్మ్ నగర్‌లో ఒక సినిమా ఆఫీసులో నేను చేసే పనిని రీసెర్చ్ అంటారు. పాతకాలం కథ ఏదైనా మొదలైతే, ఆ రోజుల్లో జనం ఏం కట్టుకునేవాళ్ళు, ఏం తినేవాళ్ళు, ఎవరిని ఏమని పిలిచేవాళ్ళు అన్నవన్నీ పోగుచేసి రచయితలకు ఇవ్వాలి. తెర మీద నా పేరు పడదు. పడాలని నేనూ ఎప్పుడూ అడగలేదు. పెళ్ళయిన నాలుగేళ్ళకు మేమిద్దరం విడిపోయాక ఈ ఊరు వచ్చాను. యూసుఫ్‌గూడలో ఒక డాబా మీద గది తీసుకున్నాను. పదహారేళ్ళుగా అదే గది. శనివారం సాయంత్రం ఆఫీసులో "వస్తానండీ" అన్నానంటే మళ్ళీ సోమవారం దాకా ఎవరితోనూ మాట్లాడే పని ఉండేది కాదు. సోమవారం పొద్దున్న మొదటి మాట బొంగురుగా వచ్చేది. జలుబు చేసిందా అని అడిగేవాళ్ళు. అవుననేదాన్ని.

మూడేళ్ళ కిందట మా ఆఫీసులో ఒక కథ అనుకున్నారు. తెల్లవాళ్ళ కాలంలో కోస్తాలోని ఒక రేవు పట్నం, అక్కడ ఒక ఆడపిల్లల బడి. దర్శకుడు నన్ను పిలిచి చెప్పాడు.

"మిషనరీల బడి కాదండీ, సర్కారు బడీ కాదు. మనవాళ్ళెవరో సొంతంగా, ఇంట్లో పెట్టిన బడి. అలాంటివి ఉండేవట కదా. అది ఎలా నడిచేదో నాకు కావాలి."

నెల రోజులు లైబ్రరీల్లో కూర్చున్నాను. స్త్రీ విద్య మీద ఉపన్యాసాలు దొరికాయి, ప్రారంభోత్సవాల ఫొటోలు దొరికాయి. పిల్లలు చాప మీద కూర్చునేవాళ్ళా, బెంచీ మీద కూర్చునేవాళ్ళా, దాహమేస్తే నీళ్ళు ఎవరు ముంచి ఇచ్చేవాళ్ళు, ఇవి మాత్రం ఎక్కడా లేవు. మా కాస్ట్యూమ్స్‌లో పనిచేసే పెద్దవయసు టైలర్ నా అవస్థ చూసి, జూబ్లీహిల్స్‌లో ఒకరింటికి తాను జాకెట్లు కుట్టి ఇస్తుంటాననీ, ఆ ఇంట్లో తొంభై దాటిన పెద్దావిడ ఉందనీ, కొలతలు తీస్తుంటే ఒకసారి తన బడి సంగతేదో చెప్పిందనీ అన్నాడు. ఏం చెప్పిందో ఆయనకు గుర్తులేదు. ఫోన్ నంబరు మాత్రం ఇచ్చాడు.

పెద్ద ఇల్లు. ఆవిడ ఉండేది చెల్లెలి కొడుకు దగ్గర. పిల్లల్లేరు, భర్త పోయి ముప్ఫై ఏళ్ళు. చెల్లెలి కొడుకు ఇళ్ళు కట్టించే వ్యాపారంలో ఉన్నాడు, అతని భార్య ఏదో కంపెనీలో పెద్ద ఉద్యోగం చేస్తోంది. ఆవిడని బాగా చూసుకునేవాళ్ళు. మేడ మీద ఆవిడకొక గది, కిందికి రావడానికి లిఫ్టు, పగలంతా కనిపెట్టుకుని ఉండడానికి షేక్‌పేట నుంచి వచ్చే ఒక ఆమె. పొద్దున్న ఇద్దరూ బయల్దేరే ముందు తలుపు దగ్గర నిలబడి పలకరించేవాళ్ళు. సాయంత్రం వచ్చాక మళ్ళీ పలకరించేవాళ్ళు. ఆ రెండు పలకరింపుల మధ్య పది గంటలు.

నేను వెళ్ళిన రోజు షేక్‌పేట ఆమె నన్ను పైకి తీసుకెళ్తూ, "జర గట్టిగ మాట్లాడుండ్రి మేడం, ఎడమ చెవి వినబడది. మంచిగ మాట్లాడుతది అమ్మ. నాకే ఆ మాటలు సగం సమజ్ కావు" అంది.

ఆవిడ కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. బడి గురించి తెలుసుకోవడానికి వచ్చానంటే నమ్మలేదు.

"మా బడి గురించా? ఎవరికి కావాలమ్మా అది?"

"సినిమా తీస్తున్నారండీ మామ్మగారూ."

"మా బడి మీదా?"

"అలాంటి బడి మీద."

కాసేపు నన్ను చూసి, "కూర్చో" అంది. ఆ రోజు లేచేసరికి సాయంత్రమైంది. మళ్ళీ ఎప్పుడొస్తావని అడిగితే గురువారం అన్నాను. ఆ తర్వాత ఏడాది పైగా ప్రతి గురువారం మధ్యాహ్నం వెళ్ళాను. నాకు కావలసిన వివరాలు మొదటి రెండు నెలల్లోనే అయిపోయాయి. ఆ సంగతి ఆఫీసులో చెప్పలేదు.

బడి పెట్టినావిడని అందరూ పంతులమ్మగారు అనేవాళ్ళట. తొమ్మిదో ఏట భర్త పోయాడు. అన్నగారు కాస్త ధైర్యస్థుడు. ఊళ్ళో మాట పడుతూనే చెల్లెల్ని మద్రాసు పంపి పంతులమ్మ చదువు చదివించాడు. తిరిగొచ్చాక ఆవిడ అన్నగారి ఇంటి వసారాలో నలుగురు పిల్లలతో బడి మొదలుపెట్టింది. అందులో ఇద్దరు అన్నగారి కూతుళ్ళే. ఇరవై ఏళ్ళకు ఇంటి ముందు భాగమంతా బడి అయింది. మామ్మగారు చేరేనాటికి అరవై మంది పిల్లలు, నలుగురు పంతులమ్మలు. ఒకటి నుంచి అయిదు దాకా తాటాకు చాపలు. ఆరు నుంచి బెంచీలు.

పిల్లల్ని తీసుకురావడానికి గూడుబండి ఉండేది, రెండు వైపులా తెరలు. బండితో పాటు ఆయా వచ్చి ఇంటింటి గుమ్మం దగ్గరా నిలబడి పిలిచేది. ఆయాని ఎంచడంలో పంతులమ్మగారు జాగ్రత్త పడింది. అయిదోతనం ఉన్న మనిషి కావాలి, నుదుటన పెద్ద బొట్టు ఉండాలి. పొద్దున్నే విధవ మొహం చూడాల్సి వచ్చిందని ఎవరూ పిల్లని బడి మాన్పించకూడదు కదా. అందుకే ఆవిడ ఏనాడూ ఎవరి గుమ్మమూ తొక్కలేదు. పిల్లలు వచ్చి పాట పాడి కూర్చున్నాకే లోపలి గదిలోంచి బయటికి వచ్చేది.

"మాకు అదేం వింతగా ఉండేది కాదు. దేవుడి గది తలుపు తీసినట్టు ఆవిడ వేళకి ఆవిడ వస్తుంది అనుకునేవాళ్ళం. ఎందుకలా వచ్చేదో పెద్దయ్యాక తెలిసింది" అంది మామ్మగారు.

ఒక్కో తరగతి ఎక్కేకొద్దీ పిల్లలు తగ్గేవాళ్ళు. అయిదులో పదకొండు మంది. ఆరులో ఏడుగురు. ఎవరికైనా సంబంధం కుదిరిందంటే రెండు రోజులు బడికి రాదు. మూడో రోజు వాళ్ళమ్మో మేనత్తో పళ్ళూ తాంబూలమూ పట్టుకుని వచ్చి లోపలి గదిలో మాట్లాడి వెళ్తుంది. పంతులమ్మగారు హాజరు పట్టీలో ఆ పేరు మీద గీత గీసేది కాదట. ఆ నెలాఖరు దాకా పిలుస్తూనే ఉండేది. ఎవరూ పలకకపోతే ఒక్క క్షణం ఆగి తర్వాతి పేరు పిలిచేది. వెళ్ళిపోయే పిల్లకు మూడు పోస్టుకార్డులు ఇచ్చేది. వాటి మీద బడి అడ్రసు తన చేత్తో రాసి ఉంచేది. అత్తవారింటి నుంచి ఉత్తరం రాయమని.

"రాసేవాళ్ళా?" అని అడిగాను.

"ఎవరో ఒకరిద్దరు. వచ్చిన రోజు మా అందరికీ చదివి వినిపించేది. అక్షరదోషాలు మాత్రం దిద్దేది కాదు."

ఏడో తరగతికి ముగ్గురు మిగిలారు. ఎనిమిదికి మామ్మగారు ఒక్కతే.

ఆమె తండ్రి రేవులో గుమాస్తా. చదువంటే ఇష్టమున్నవాడు. ఎనిమిదో తరగతి పరీక్ష పాసయ్యాకే పెళ్ళి మాట అన్నాడు. పరీక్ష పెద్దది, మగపిల్లల హైస్కూల్లో కూర్చుని రాయాలి. ఈ బడి నుంచి ఆ పరీక్షకు అంతకు ముందు ఎవరూ వెళ్ళలేదు. ఒక్క పిల్లయినా వెళ్ళి పాసైతే ఎనిమిదో తరగతి నిలబడుతుంది. లేకపోతే అయిదు దాకానే అనుమతి ఉంటుంది. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్ట్రెస్ దొరసాని ఆ మాట స్పష్టంగా చెప్పింది. గదిలో నాలుగు బెంచీలు, మొదటి బెంచీలో ఒక పిల్ల. దొరసాని గుమ్మంలో నిలబడి ఇంగ్లీషులో అడిగింది, ఇది తరగతేనా అని.

పంతులమ్మగారు అంది, "అవునండీ. తక్కినవాళ్ళు పెళ్ళిళ్ళకు వెళ్ళారు."

ఆ మాట చెప్పి మామ్మగారు చాలాసేపు నవ్వింది. దొరసానికి అర్థంకాక, ఎప్పుడు తిరిగొస్తారని అడిగిందట.

ఆ ఏడాది గురించి ఆవిడ చెప్పింది వింటుంటే నాకు నా గది గుర్తొచ్చింది. ప్రశ్న వేస్తే తనే చెయ్యెత్తాలి. పద్యం అప్పజెబితే వినేది ఒక్క పంతులమ్మగారే. మధ్యాహ్నం చిన్న తరగతుల పిల్లలు పెరట్లో ఆడుకుంటుంటే వాళ్ళతో ఆడే వయసు కాదు, పంతులమ్మలతో కూర్చునే వయసూ కాదు. క్యారేజీ విప్పుకుని ఖాళీ బెంచీల మధ్య తినేది. కొన్నాళ్ళకు పంతులమ్మగారు తన మడి భోజనం ముగించుకుని వచ్చి ఎదుటి బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టింది. మాట్లాడేది కాదు, ఏదో పుస్తకం చదువుకునేది. "అయినా నేను పిలవకుండానే వచ్చి కూర్చునేది" అంది మామ్మగారు.

పరీక్ష రోజు సంగతి అయిదు నెలల తర్వాత గానీ చెప్పలేదు. ఆ గురువారం షేక్‌పేట ఆమెను కిందికి పంపి, తలుపు దగ్గరగా వేయమంది.

"నాకు కడుపునొప్పి రాలేదమ్మా."

నాకు అర్థం కాలేదు. మెల్లగా చెప్పింది. ముందు రోజు నాయనమ్మ అందట, మగపిల్లల మధ్య కూర్చుని వచ్చిన పిల్లని ఎవరు చేసుకుంటారని. తండ్రి ఆ మాట పట్టించుకోలేదు. కానీ ఆమెకు భయం పట్టుకుంది. పెళ్ళి కాదని కాదు. హైస్కూలు ఆవరణలో అంతమంది మగపిల్లలు తలలు తిప్పి చూస్తుంటే నడిచి వెళ్ళాలి. ఏడాదిగా ఒక్క మనిషి ముందు తప్ప నోరు విప్పని పిల్ల. తెల్లారాక కడుపు పట్టుకుని ముడుచుకుని పడుకుంది. బండి వచ్చింది. ఆయా మూడుసార్లు పిలిచింది. తర్వాత బండి తెర తొలగించుకుని పంతులమ్మగారు దిగింది.

"మా వీధి అరుగు కింద నిలబడింది. అరుగు ఎక్కలేదు. నాయనమ్మ ఆవిడని చూసి లోపలికి పోయి తలుపు మూసుకుంది. నాన్న నన్ను లేపి గుమ్మం దాకా తీసుకొచ్చాడు. ఆవిడ నన్ను చూసి, 'నొప్పి ఎక్కువగా ఉందా అమ్మా?' అంది. అవునన్నాను. 'సరే, వెళ్ళి పడుకో' అంది. అంతే. బండి ఎక్కలేదు, నడిచే వెళ్ళిపోయింది. ఖాళీ బండి ఆవిడ వెనకాల వెళ్ళింది."

ఆ వేసవితో బడి అయిదో తరగతి దాకానే అయింది. ఆ మరుసటి ఏడు ఆమెకు పెళ్ళయింది. మద్రాసు వెళ్ళింది. మూడు పోస్టుకార్డులు ఆమెకూ ఇచ్చారు. వాటి మీద బడి అడ్రసు కొట్టేసి పుట్టింటికి ఉత్తరాలు రాసుకుంది. పంతులమ్మగారు పోయిందని చాలా ఏళ్ళకు ఎవరో పెళ్ళిలో చెప్పారు.

"తెలిసి ఉంటుందా ఆవిడకి? నేను అబద్ధం చెప్పానని."

తెలియదండీ అన్నాను.

ఆ రోజు రాసుకున్నది ఆఫీసుకు ఇవ్వాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. తలుపు వేయించి చెప్పిన మాట అది. అయినా ఇచ్చేశాను. ఆవిడని అడగలేదు. ఇంత మంచి సంగతి తెచ్చానని నాలుగు మెప్పు మాటలు అంటారనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

కథా చర్చలో దర్శకుడు అంతా చదివాడు. చెడ్డవాడు కాదు, శ్రద్ధగానే చదివాడు.

"చాలా బాగుందండీ. కానీ క్లాసులో ఒక్క పిల్లంటే ఫ్రేము ఖాళీగా ఉంటుంది. నలభై మందిని పెడదాం. పరీక్షకి వెళ్ళకపోవడమేంటి? హీరోయిన్ కడుపునొప్పని పడుకుంటే ఎవరు చూస్తారు? పరిగెత్తుకుంటూ వెళ్ళి రాయాలి. గేటు బయట పంతులమ్మ ఎదురుచూస్తూ ఉండాలి."

"జరిగింది అది కాదండీ."

"జరిగింది మీరు రాశారు కదా. అది మీ దగ్గర ఉంటుంది" అన్నాడు, ఓదార్పుగానే.

తర్వాతి గురువారం మామ్మగారికి చెప్పేశాను. మీరు చెప్పింది వాళ్ళకు చెప్పాను, మిమ్మల్ని అడగకుండా చెప్పాను, వాళ్ళు దాన్ని మార్చేశారు, సినిమాలో ఆ అమ్మాయి వెళ్ళి పరీక్ష రాస్తుంది అన్నాను. కోప్పడుతుందనుకున్నాను. కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఎదురుగా రోడ్డు పల్లంలోకి దిగిపోతూ ఉంటుంది, కార్లు తప్ప మనుషులు కనిపించరు.

"ప్రశ్నలేం ఇచ్చారు?" అంది చివరికి.

"ఏమిటండీ?"

"పరీక్షలో. ఏం ప్రశ్నలొచ్చాయి?"

అవి ఎవరూ రాయలేదని చెప్పాను. సినిమాలో ప్రశ్నపత్రం కనిపించదు. ఆవిడ తల ఊపి, "అది తీసే రోజు నేను వెళ్ళి చూడొచ్చా?" అంది.

కొన్ని నెలలకు ఆ సీను తీసే రోజు వచ్చింది. చెల్లెలి కొడుకు కారు ఏర్పాటు చేశాడు. షేక్‌పేట ఆమె, నేను, చక్రాల కుర్చీ. స్టూడియోలో హైస్కూలు సెట్టు వేశారు, ముందు గోడ మాత్రమే. వెనక వెదురు కర్రలు, ముందు ఆవరణలో బెంచీలు. కృష్ణానగర్ నుంచి వచ్చిన జూనియర్ ఆర్టిస్టులు పంచెలు కట్టుకుని, టోపీలు పెట్టుకుని మగపిల్లలై కూర్చున్నారు. హీరోయిన్ వాళ్ళ మధ్య నుంచి నడిచి బెంచీలో కూర్చుని కలం తీయాలి. అయిదుసార్లు తీశారు. ప్రతిసారీ మగపిల్లలందరూ తలలు తిప్పి చూశారు. ప్రతిసారీ మామ్మగారి చెయ్యి కుర్చీ పిడి మీద బిగుసుకుంది. ఆ అమ్మాయి మాత్రం ఆగకుండా నడిచింది.

"నడిచేస్తోంది" అంది మామ్మగారు నాతో. "అంతేనా? ఇంతేనా దూరం?"

కాసేపటికి, "పంతులమ్మగారేరి?" అంది.

ఆ పాత్ర వేసే నటి చెట్టు కింద కుర్చీలో కూర్చుని ఉంది. యాభై ఏళ్ళుంటాయి. తెల్లచీర, నెత్తి మీద ముసుగు, చేతిలో ఫోను. చాలా సినిమాల్లో అమ్మ వేషాలు వేసిన మనిషి. మేం దగ్గరికి వెళ్ళగానే ఫోను పక్కన పెట్టి లేచి నమస్కారం పెట్టింది. మామ్మగారు చెయ్యి చాపితే పట్టుకుంది.

"ఆ రోజు నాకు కడుపునొప్పి లేదండీ" అంది మామ్మగారు. "భయమేసింది. అంతే."

నటి నా వైపు చూసింది. తర్వాత మామ్మగారి వైపు వంగి, చెవి దగ్గర కాకుండా మొహానికి ఎదురుగా, "పర్లేదమ్మా" అంది. "చిన్నపిల్లవి కదా. పర్లేదు."

ఏం అర్థమై అందో నాకు తెలియదు. తర్వాత ఎప్పుడూ అడగలేదు. షాట్ రెడీ అని ఎవరో పిలిచారు. చెయ్యి మెల్లగా విడిపించుకుని ఆవిడ వెళ్ళింది. మామ్మగారు ఏడవలేదు. తిరిగొచ్చేటప్పుడు కారులో నిద్రపోయింది, నోరు కొద్దిగా తెరుచుకుని.

ఆ తర్వాత ఆరు గురువారాలు వెళ్ళాను. బడి మాట మళ్ళీ ఎత్తలేదు. మద్రాసు ట్రాముల గురించి, భర్త గురక గురించి చెప్పేది. ఒకరోజు, నీకెవరున్నారు అని అడిగింది. ఎవరూ లేరండీ అన్నాను. "ఊఁ" అంది. జాలిపడలేదు. ఏడో గురువారం నాడు పొద్దున్నే ఫోన్ వచ్చింది. నిద్రలోనే పోయిందట.

పన్నెండో రోజు అయ్యాక చెల్లెలి కొడుకు భార్య నన్ను పిలిచింది. ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లో ఉంది. కాఫీ తనే పెట్టి తెచ్చింది. మామ్మగారి గదిలో కూర్చున్నాం. మంచం అప్పుడే తీసేశారు.

"మా పెద్దత్తయ్యగారు మీతో ఏం మాట్లాడేవారండీ?" అని అడిగింది. "పద్దెనిమిదేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం. ఆవిడ ఎంతవరకు చదివారో కూడా నాకు తెలీదు."

బడి గురించి చెప్పాను. పంతులమ్మగారి గురించి, బండి గురించి, పెళ్ళిళ్ళకు వెళ్ళిన పిల్లల గురించి. ఎనిమిదో తరగతి ఒక్కతే చదివిందని చెప్పాను. పరీక్ష సంగతి చెప్పలేదు. ఈసారి ఆగగలిగాను.

"రాసి ఇస్తారా ఇదంతా?" అంది. ఇస్తానన్నాను. ఇచ్చాను. అప్పుడప్పుడు వస్తూ ఉండండి అంది. సరేనన్నాను గానీ వెళ్ళలేదు. ఎవరి కోసమని వెళ్తాను?

సినిమా వచ్చింది. బడి అంతా ఒక పాటలో అయిపోయింది. నిడివి ఎక్కువైందని పరీక్ష సీను తీసేశారు. మొదటి రోజు మధ్యాహ్నం ఆటకు ఒక్కదాన్నే వెళ్ళాను. హాల్లో పేర్లు పడుతుండగానే దీపాలు వేశారు.

ఈ వేసవిలో షేక్‌పేట ఆమె ఫోన్ చేసింది. మోతీనగర్‌లో వేరే ఇంట్లో పని కుదిరిందట, అక్కడా ఒక పెద్దావిడే.

"గీ అమ్మ ఒక్క మాట మాట్లాడది మేడం. దినమంతా గట్లనే కూసుంటది. నాకే ఏందో అయితుంది. మీరు జర ఒకసారి వస్తరా? మీరైతే మాట్లాడిపిస్తరు."

గురువారం వెళ్ళాను. చిన్న ఫ్లాటు, హాల్లో టీవీ. ఆ పెద్దావిడ నన్ను ఎవరని అడిగింది. చెప్పాను. కాసేపాగి మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. మీరు చదువుకున్నారా అని అడిగితే జవాబు లేదు, మీది ఏ ఊరంటే జవాబు లేదు. సీరియల్ మొదలైంది. షేక్‌పేట ఆమె టీ తెచ్చి మా ఇద్దరి ముందూ పెట్టి తనూ నేల మీద కూర్చుంది. ముగ్గురం ఆరు గంటల దాకా చూశాం.